ఆదివాసీలే చేసే ఆరోగ్య పరిశోధనకు ప్రభుత్వ గ్రాంటు వస్తుందా?

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. హైదరాబాద్‌లో చదువుకున్న మావాళ్లం కొందరం కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించాం. సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధిపై మా గూడేల్లో మేమే పరిశోధన చేస్తే ప్రభుత్వం నిధులిస్తుందా? నగరంలోని ఒక యూనివర్సిటీ ‘గ్రాంటు మా పేరున, రక్త నమూనాల సేకరణ మీది’ అంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, ఇచ్చి తీరాలని నిలదీసే హక్కు లేదు. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి తన నిధుల్లో కనీసం 5 శాతం అక్కడి ఆదివాసుల ఆరోగ్య పరిశోధనకు అని లక్ష్యం పెట్టుకుంది. మన దగ్గర అలాంటి వాటా పెట్టిన చట్టం లేదు. ఉండి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం.

రిజిస్ట్రేషన్ ఒక్కటే సరిపోదు. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో స్వచ్ఛంద సంస్థగా నమోదైన నంబరు, ఆడిట్ చేయించిన లెక్కలు కావాలి. ఐసీఎంఆర్‌కు (భారత వైద్య పరిశోధన మండలి) నేరుగా దరఖాస్తు పెట్టాలంటే స్వచ్ఛంద సంస్థలకు డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం) గుర్తింపు ఉండాలి. చిన్న సొసైటీలకు అడ్డుపడేది ఇదే. కాబట్టి యూనివర్సిటీతో కలవండి, వాళ్లు చెప్పిన షరతు మీద మాత్రం వద్దు. మీలో అర్హత ఉన్నవారిని సహ పరిశోధకులుగా ప్రతిపాదనలోనే చేర్పించండి. మీ సొసైటీ వాటా బడ్జెట్‌లో విడి పద్దుగా కనిపించాలి. మంజూరయ్యాక సర్దుకుందామంటే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. నమూనాలు ఎక్కడ, ఎన్నాళ్లు ఉంచుతారు, వేరే పరిశోధనకు వాడాలంటే మళ్లీ ఎవరిని అడగాలి అన్నవి యూనివర్సిటీతో చేసుకునే ఒప్పంద పత్రం(ఎంఓయూ)లో రాయించండి.

ఇక సమ్మతి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో జరిగిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో ఆశ్రమ పాఠశాలల బాలికల సమ్మతి పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో కేంద్రం ఆ అధ్యయనాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఊరి పెద్దలు ఒప్పుకున్నా ప్రతి ఒక్కరి సమ్మతీ విడిగా తీసుకోవాలి. గ్రామసభ తీర్మానం దానికి బదులు కాదు. పత్రాన్ని గోండీలో చదివి వినిపించి, సాక్షి సంతకం తీసుకోండి. పరిశోధనలో నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ ఆమోదం, జిల్లా అధికారుల అనుమతి రాకముందు ఒక్క నమూనా కూడా తీయొద్దు. ఫలితాల పట్టికలో పేర్లకు బదులు కోడ్‌లు వాడండి. ఫలానా అమ్మాయి క్యారియర్ (తనకు జబ్బు లేకున్నా ఆ జన్యువు ఉన్న మనిషి) అని బయటికి పొక్కితే పెళ్లి సంబంధం చెడిపోతుంది.

డబ్బు మీ ఖాతాకే వస్తే ప్రభుత్వ ఆర్థిక నియమాల (జీఎఫ్‌ఆర్) 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. గ్రాంటుపై వచ్చిన వడ్డీ మీది కాదు, కేంద్రానికి తిరిగి కట్టాలి.

ప్రతిపాదనను తిరస్కరిస్తే 10 రూపాయల రుసుముతో ఆర్టీఐ వేసి దాన్ని పరిశీలించిన నిపుణుల వ్యాఖ్యల నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. వాళ్ల పేర్లు ఇవ్వకపోవచ్చు, వ్యాఖ్యలైతే మళ్లీ దరఖాస్తు చేసేటప్పుడు పనికొస్తాయి.