ఎవరు చూస్తున్నారో ముందు చెప్పు

బాబూ,

‘ఇన్ ద కట్’ సినిమా మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ మొదటి పేరాలోనే నాకు కోపం వచ్చింది, ముందు అది చెప్పనివ్వు.

“న్యూయార్క్‌లో వరుస హత్యలు చేస్తున్నవాడిని వెతికే డిటెక్టివ్ మలోయ్, విచారణలో పరిచయమైన ఒక టీచర్‌తో ప్రేమలో పడతాడు” అని మొదలుపెట్టావు. ఆ సినిమా ఎక్కడుంది? జేన్ కాంపియన్ తీసింది ఫ్రానీ కథ. ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ, వీధిలో వినబడే మాటలూ, రైలు పెట్టెల్లో అతికించిన కవితల పంక్తులూ ఏరి దాచుకునే మనిషి ఆమె. ఒక బార్ కింది అంతస్తులో, చీకట్లో, ఒక జంట ఆమె కంట పడుతుంది. మగవాడి మొహం కనబడదు. మణికట్టు మీద ఇస్పేటు మూడు పచ్చబొట్టు కనబడుతుంది. ఆమె తల తిప్పుకుని వెళ్లిపోదు, నిలబడి చూస్తుంది. కథంతా ఆ నిలబడటంలోంచి పుట్టింది. ఆ తర్వాత, హత్య గురించి అడగడానికి వచ్చిన పోలీసు మణికట్టు మీద అదే పచ్చబొట్టు చూస్తుంది. అతని మీద కోరికా, వీడేనేమోనన్న భయమూ విడదీయలేనట్టు కలిసిపోతాయి. ఇదంతా నీ వ్యాసంలో ‘ఒక టీచర్’ దగ్గర ఆగిపోయింది.

సినిమా గురించి రాసేవాడు బాగుందా లేదా అన్నది తర్వాత చెప్పొచ్చు. తెర మీద ఎవరు చూస్తున్నారు, ఎవరిని చూస్తున్నారు, ఆ చూపులో మనల్ని ఎక్కడ నిలబెట్టారు, ఇది ముందు చెప్పాలి. శృంగారం, నేరం కలిసిన సినిమా అయితే ఇది తప్ప వేరే దారి లేదు. అంతకు ముందు హాలీవుడ్‌లో వచ్చిన ఆ రకం సినిమాల్లో చాలావాటిలో ఆడది చూడబడేదీ, అనుమానించబడేదీ. ఇక్కడ చూసేదీ అనుమానించేదీ ఆమె. సినిమా 2003లో వచ్చినప్పుడు చాలామంది విమర్శకులు దీన్ని వదిలేసి ఫ్రానీగా వేసిన మెగ్ రయాన్ ఒంటి గురించి రాశారు. నవ్వుతూ తుళ్లుతూ ఉండే ప్రేమకథల నాయిక ఇలాంటి పాత్ర వేయడమేమిటని బాధపడ్డారు. ఆ పాత్ర మొదట నికోల్ కిడ్‌మన్ చేయాల్సింది. ఆమె తప్పుకుని నిర్మాతల్లో ఒకరిగా ఉండిపోయింది. బీబీసీ టాక్ షోలో ఆ నగ్నత్వం గురించే అడిగితే రయాన్ ముక్తసరిగా జవాబిచ్చింది. తప్పు ఆమెదే అన్నారు.

ప్రేక్షకుల చేత సినిమాలకి మార్కులు వేయించే సినిమాస్కోర్ వాళ్లు మొదటి ఆట చూసినవాళ్లని అడిగితే ‘ఎఫ్’, అంటే అన్నిటికన్నా తక్కువ మార్కు, వచ్చిందని రాశావు, నిజమే. కానీ ఆ ఎఫ్ ఎవరిచ్చారో ఆలోచించావా? మెగ్ రయాన్ పేరు చూసి టికెట్ కొన్నవాళ్లు. వాళ్లు ఏం ఆశించి వచ్చారో ఆ మార్కు చెబుతుంది. తెర మీద ఏముందో చెప్పదు.

అక్కడి నుంచి “అప్పుడు అందరూ తిట్టారు, ఇప్పుడు అందరూ మాస్టర్‌పీస్ అంటున్నారు, కాలానికి ముందే వచ్చిన సినిమా” అని ముగించావు. ఈ మాట ఈమధ్య ప్రతి పాత సినిమాకీ తగిలిస్తున్నారు, నాకు ఒళ్లు మండుతుంది. 2003లోనే మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లని ఎందుకు చెరిపేస్తావు? పైగా అప్పుడు తిట్టినవాళ్లు చెప్పిన ఒక మాట సరైనదే. హంతకుడెవరో తేలే భాగం బలహీనంగా ఉంది. చిక్కుముడి వేయడంలో ఉన్న శ్రద్ధ విప్పడంలో లేదు. ఈ సినిమాకి మూలమైన, సుసానా మూర్ 1995లో రాసిన నవలలో కథ చెబుతున్న స్త్రీ చివరికి చచ్చిపోతుంది. సినిమాలో బతికింది. స్క్రీన్‌ప్లేలో మూర్ కూడా పాలుపంచుకుంది కాబట్టి ఆ మార్పు ఎవరో బలవంతంగా రుద్దింది అనుకోను. ఫ్రానీ బతకడం నాకిష్టం. కానీ ఆ బతుకు కోసం కథ చాలా తొందరపడింది. 1993లో ‘ది పియానో’కి కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ అందుకున్న మొదటి మహిళా దర్శకురాలు కాంపియన్ తీసిందని ఈ తొందరని క్షమించాల్సిన పని లేదు.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఎనభైల్లో ఒక వారపత్రికకి సమీక్షలు రాసేదాన్ని. మన విశాఖ హాళ్లలో ఆడవాళ్ల క్యూలో నిలబడి టికెట్ తీసుకుని, వాళ్ల మధ్యే కూర్చుని చూసేదాన్ని. అప్పటి సినిమాల్లో మానభంగం సీను తప్పనిసరి. కెమెరా విలన్ భుజం మీద నుంచి ఆ పిల్లని చూసేది. నా పక్కనున్నవాళ్లు కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్లు, ఒకావిడ పిల్లవాడి కళ్లు మూసేది. అదంతా రాసి పంపాను. సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి, చివర ‘సకుటుంబంగా చూడదగ్గ చిత్రం’ అని తనే చేర్చాడు, నా పేరు మీదే. అడిగితే, పాఠకులకు హాల్లో సంగతులు అక్కర్లేదన్నాడు. ఆ పత్రిక మూతబడింది, ఆయనా లేడు. నాకు మాత్రం ఆ కోపం తగ్గలేదు.

నువ్వుంటున్నది రావిశాస్త్రి గారి ఊరు. ఆయన ‘మాయ’ కథ చదువు. సారా కేసులో పట్టుబడిన ముత్యాలమ్మ కోర్టుల సంగతీ పోలీసుల సంగతీ కుర్ర లాయరుకి తనే చెబుతుంది. నేరం కథని ఎవరి నోట వినాలో ఆయనకి తెలుసు.

నీ వ్యాసంతో పాటు పంపిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. హాస్టల్లో ఫోన్‌లో ఈ సినిమా చూస్తుంటే రూమ్మేట్ లోపలికి వచ్చాడనీ, చటుక్కున ఫోన్ బోర్లించాననీ, ఆ తర్వాత ఆ సీను మళ్లీ చూడబుద్ధి కాలేదనీ రాశావు. నీ వ్యాసం మొత్తంలో లేని నిజం అందులో ఉంది. దాన్ని ఉత్తరంలో ఎందుకు దాచావు? ఏ సీనులో బోర్లించావు? ఆ క్షణంలో తెర మీద చూస్తున్నది ఎవరు, మలోయా, ఫ్రానీయా? రూమ్మేట్ నిన్ను ఏమనుకుంటాడని భయపడ్డావు? అమెరికా విమర్శకుల మాటలు నాలుగు పేరాలు ఏరి పెట్టావు, అవి ఎవరికైనా దొరుకుతాయి. ఇది నీ దగ్గర తప్ప దొరకదు.

ఏ పత్రికకి పంపాలి, డబ్బులిస్తారా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ఇప్పుడు వాటి జోలికి వెళ్లను.

ఆ వాక్యం దగ్గర మొదలుపెట్టి, మొదటి పేజీలో మలోయ్ పేరు రాకుండా మళ్లీ రాయి. కాగితం మీద రాసి పంపు, ఫోన్‌లో చదవడం నా కళ్ల వల్ల కాదు. జగదాంబ వైపు వచ్చే పనుంటే నువ్వే తీసుకురా, సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో.