దిక్కు మార్చుకొనే సముద్ర ప్రవాహాలు

ప్రశ్న: విశాఖ తీరంలో సముద్రపు నీరు వేసవికి ముందు ఒక వైపునకు, దీపావళి తర్వాత మరో వైపునకు ప్రవహిస్తుందని విన్నాను. ఇది నిజమేనా? ఈ ప్రవాహాలకూ తుపానులకూ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: నిజమే. అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్ అనే ప్రవాహం ఏడాది పొడవునా ఒకే దిక్కుకు సాగుతుంది గానీ, ఉత్తర హిందూ మహాసముద్రం మీద ఋతువును బట్టి గాలులు తిరగబడతాయి కనుక ఇక్కడి ప్రవాహాలూ దారి మార్చుకొంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో సెకనుకు రెండు మీటర్లకు మించిన వేగంతో ఈశాన్యానికి పరుగెత్తే సోమాలియా తీర ప్రవాహం, చలికాలం వచ్చేసరికి నైరుతికి మళ్లుతుంది.

మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి ఉంటుంది. దీనికంతటికీ తీరాన వీచే గాలే కారణమని సులువుగా చెప్పేస్తుంటారు. అదే నిజమైతే, నైరుతి గాలులు బలపడకముందే, ఫిబ్రవరిలోనే నీరు ఉత్తరానికి ఎందుకు కదులుతుంది? బంగాళాఖాతం నడుమ వీచే గాలులకు, భూమధ్యరేఖ దగ్గర పుట్టి ఖాతం అంచు వెంట చుట్టి వచ్చే కెల్విన్ తరంగాలకు (సముద్రంలో చాలా దూరం సాగే భారీ అలలకు) కూడా ఇందులో పాత్ర ఉంది. తీరపు గాలి చేసే పని మరొకటి. అది తీరానికి సమాంతరంగా ఈశాన్య దిశగా వీచినప్పుడు, భూభ్రమణ ప్రభావంతో పైనీరు కుడివైపునకు, అంటే నడిసముద్రంలోకి తొలగిపోగా, చల్లని, పోషకాలు నిండిన నీరు కింది నుంచి పైకి వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950లలోనే విశాఖ దగ్గర దీనిని అధ్యయనం చేశారు.

ఇక తుపానుల సంగతి. శరత్తులో దక్షిణానికి సాగే ప్రవాహం గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి కుమ్మరించిన నదీజలాన్ని తీరం వెంట మోసుకొస్తుంది. ఉప్పు తక్కువైన ఆ నీరు తేలిక కనుక, పాల మీద మీగడలా పైనే నిలిచి, కింది చల్లని నీటితో అంత త్వరగా కలవదు. మామూలుగా తుపాను సముద్రాన్ని కలచివేసి, అడుగున ఉన్న చల్లదనాన్ని పైకి తెచ్చుకొని, తన బలాన్ని తానే తగ్గించుకొంటుంది. బంగాళాఖాతంలో ఈ పొర అడ్డుపడటంతో ఆ చల్లబడటం తక్కువ. అయితే తుపాను బలపడటానికి ఇదొక్కటే చాలదు, ఆకాశంలో ఎత్తున వీచే గాలులూ అనుకూలించాలి.

అదే నీరు శ్రీలంకను చుట్టి ఆగ్నేయ అరేబియా సముద్రం చేరి, అక్కడ కూడా ఎండాకాలపు వేడి పైపొరలోనే నిలిచిపోవడానికి తోడ్పడుతుంది. రుతుపవనాలు కేరళను తాకే రోజుల్లో కొన్ని ఏళ్లలో వాయుగుండం పుట్టేది ఆ వెచ్చని నీటి మీదనే.