ఇద్దరే ఉన్న ఇంట్లో చిన్న ఓవెన్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఇంట్లో మేమిద్దరమే. పిల్లలు 16 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొనిచ్చారు. కేకు చేస్తే పైన మాడిపోతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. అసలు మేం కేకులు పెద్దగా తినం కూడా. దీంట్లో మన వంటలేమైనా అవుతాయా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: బాగా అవుతాయి. ముందు ఆ మాడే సంగతి చూద్దాం. చిన్న ఓవెన్‌లో వేడినిచ్చే పై రాడ్డుకీ గిన్నెకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు, కేకు పొంగేసరికి ఇంకా దగ్గరైపోతుంది, అందుకే పెద్ద ఓవెన్ కోసం రాసిన 180 డిగ్రీల లెక్క ఇక్కడ కుదరదు. పది నిమిషాలు ముందుగా వేడి చేసి, గిన్నెను అన్నిటికన్నా కింది అరలో పెట్టి, 160 - 165 మధ్య కాస్త ఎక్కువసేపు ఉంచండి. పైన రంగు తిరిగాక ఫాయిల్ వదులుగా కప్పండి, అది రాడ్డుకు మాత్రం తగలకూడదు. నాబ్ మీద ఉన్న అంకె, లోపలి వేడి ఒకటే అని నమ్మకండి. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే టెన్షన్ ఉండదు.

ఇక మన వంటలు. ఇద్దరికి ఒక పెద్ద వంకాయ చాలు కదా, దానికి అక్కడక్కడా గాట్లు పెట్టి, నూనె రాసి, రెండు రాడ్లూ వేసి 220లో అరగంట పైన, మెత్తబడేదాకా ఉంచండి, మధ్యలో ఒకసారి తిప్పండి. అదే ట్రేలో పక్కన రెండు టమాటాలు పెట్టండి, పచ్చిమిర్చి చీల్చి చివరి పది నిమిషాల్లో వేయండి. పచ్చడికి కావలసినవన్నీ ఒకేసారి కాలిపోతాయి, దగ్గర నిలబడక్కర్లేదు. పొగ వాసన మాత్రం దీనికి రాదు, అది కావాలంటే చివర్లో రెండు నిమిషాలు గ్యాస్ మంట మీద తిప్పాల్సిందే.

బెండకాయ, దొండకాయ వేపుళ్లు రెండు చెంచాల నూనెతో అయిపోతాయి, కానీ ముక్కలు తడి లేకుండా ఒకే వరుసలో పరవాలి, కుప్పగా పోస్తే వేగవు, ఉడుకుతాయి. పల్లీలు 150లో పావుగంట చాలు, తీసినప్పుడు మెత్తగా అనిపించినా చల్లారాక కరకరలాడతాయి.

నన్నడిగితే దీంట్లో తప్పకుండా చేయాల్సింది దిబ్బరొట్టె. ఇడ్లీ పిండి రెండంగుళాల మందాన, నూనె బాగా రాసిన మందపాటి గిన్నెలో పోసి, 190లో ముందు కింది రాడ్డుతో అరగంట, పుల్ల గుచ్చితే పిండి అంటకుండా వచ్చాక పై రాడ్డు వేసి ఎర్రబడేదాకా. పొయ్యి మీద చేస్తే సగంలో తిరగేయాలి కదా, ఆ బాధ ఉండదు, పైనా కిందా రెండు పెచ్చులూ వస్తాయి. అన్నం, పప్పు జోలికి వెళ్లకండి, వాటికి కుక్కరే మేలు.

ప్రశ్న: అద్దె గదిలో ఒక్కడినే ఉంటాను. చిన్న ఓటీజీ కొంటే కరెంటు బిల్లు పేలిపోతుందా? స్టీలు గిన్నెలు పెట్టొచ్చా? ఫ్రెండ్ ఓవెన్‌లో రాడ్లు మధ్యమధ్యలో ఆరిపోతుంటాయి, అది రిపేరా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 1200 వాట్ల ఓవెన్ గంటసేపు ఆగకుండా కాలితే 1.2 యూనిట్లు. నిజానికి అంత కూడా కాదు, ఎందుకంటే పెట్టిన వేడి రాగానే థర్మోస్టాట్ రాడ్లను ఆపేస్తుంది, చల్లబడితే మళ్లీ వెలిగిస్తుంది. మీ ఫ్రెండ్ ఓవెన్‌లో జరిగేది ఇదే, రిపేరు కాదు. స్టీలు, అల్యూమినియం నిశ్చింతగా పెట్టండి, వద్దనేది మైక్రోవేవ్‌కి. ప్లాస్టిక్, మెలమైన్, ప్లాస్టిక్ పిడి ఉన్న పెనాలు మాత్రం వద్దు. అద్దె గది అన్నారు కాబట్టి కొనేముందు గోడకి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ ఉందో లేదో చూడండి. ఫోన్ చార్జింగ్ పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి దీన్ని ఎప్పుడూ తగిలించకండి, వైరు వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. గోడకి, ఓవెన్‌కి మధ్య నాలుగంగుళాలు వదలండి. కొత్తగా కొన్నాక మొదటిసారి ఖాళీగా పావుగంట వేడి చేయండి, అప్పుడు కొంచెం పొగ, వాసన వస్తే కంగారు పడకండి, కిటికీ తెరిచి ఉంచితే సరిపోతుంది.