బెంచ్ మీద కూర్చున్నవాళ్ల గురించి మేనల్లుడికి

చి. కార్తీక్‌కు అత్తయ్య ఆశీస్సులు.

ఆఫీసు స్నేహితులతో కలిసి ఫాంటసీ బాస్కెట్‌బాల్ లీగ్‌లో చేరావని, అంటే అమెరికా ఎన్‌బీఏ ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, వాళ్లు నిజం ఆటల్లో తెచ్చే అంకెలతో పోటీపడే ఆటలో దిగావని, చీకటి ఉండగానే అలారం పెట్టుకుని లేస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె లెక్కలో ఇదొక కొత్త జబ్బు. నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది. ఈ పిచ్చి నాతోనూ మీ నాన్నతోనూ ఆగిపోతుందనుకున్నాను. "పెద్ద పేర్లు నాకు అక్కర్లేదు, ఎవరూ పట్టించుకోని ఆటగాళ్లను ఏరి గెలుస్తాను" అన్నావట. ఆ మాట విని గర్వపడ్డాను, కాస్త కంగారూ పడ్డాను. ఆ మాట అనడం తేలిక, నవంబరు చివరిదాకా దాని మీద నిలబడడం కష్టం.

సలహాల కంటే ముందు నా భయాలు రెండు చెబుతాను, చికాకు పడకుండా చదువు.

తలా కొంత వేసుకుని గెలిచినవాడికి ఇచ్చే పద్ధతి మీ లీగ్‌లో ఉంటే ఈ రోజే బయటికి వచ్చేయ్. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, డబ్బు చేరిన చోట ఓపిక నిలవదు. నువ్వు ఆడదలచుకున్న పద్ధతికి పెట్టుబడి అంతా ఓపికే. కాబట్టి ఉచితంగా ఆడు, ఓడిపోయినవాళ్లు గెలిచినవాడికి ఇరానీ చాయ్ తాగించండి, అక్కడితో సరి.

రెండో భయం నీ బండి. చలికాలంలో అమెరికా తూర్పు తీరం ఆటలు మనకు ఉదయం అయిదున్నరకు మొదలవుతాయి, పడమటి తీరంవి ఎనిమిదిన్నరకు. ఆటకు అరగంట ముందు మొదటి అయిదుగురి పేర్లు బయటికి వస్తాయి. అంటే సరిగ్గా ఎనిమిదింటికి, నువ్వు హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఉండే వేళకు. ఎర్రలైటు పడగానే జేబులోంచి ఫోను తీసే కుర్రవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. నువ్వు వాళ్లలో ఒకడివి కావడం నాకు ఇష్టం లేదు. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది. అందులో నిలబడి ఎన్ని మార్పులైనా చేసుకో. బండి మీద వెళ్లక తప్పని రోజున ఇంట్లోనే జట్టు సరిచేసి ఫోను సంచిలో పెట్టేయ్. ఎవడో ఆటగాడు చివరి నిమిషంలో ఆగిపోతే ఆ వారం ఓడిపోతావు. ఓడిపో.

ఇక ఆట. మీ లీగ్ నియమాలు చదువు. అన్నీ కలిపి పాయింట్లు వేస్తారో, పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టుల వంటి తొమ్మిది విభాగాలను విడివిడిగా పోలుస్తారో తెలియకుండా ఒక్క ఆటగాణ్నీ తీసుకోకు. ఎవరికి గాయమైందో రోజూ చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

మంచి ఆటగాడు తక్కువ ధరకు ఎలా దొరుకుతాడో చెబుతాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్లను చూశావు కదా, అట్ట మెరిసే పుస్తకాన్ని పైన పెట్టి దాని ధర గట్టిగా చెబుతారు, అడుగున ఉన్నదాన్ని ఎంతకో అంతకు ఇచ్చేస్తారు. ఈ ఆటలో మెరిసే అట్ట పాయింట్ల సగటు. అందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి. కానీ తొమ్మిది విభాగాల లీగ్‌లో పాయింట్లు తొమ్మిదింట ఒక్కటే. ఒక స్టీల్ (ఎదుటి జట్టు నుంచి బంతి లాక్కోవడం), ఒక బ్లాక్ (వాళ్ల షాట్‌ను గాల్లోనే ఆపడం) ఎంత అరుదో చూడు. ఆటకు సగటున రెండు స్టీళ్లు చేసేవాళ్లు ఎన్‌బీఏ మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. 2017 ఫిబ్రవరి 10న డ్రేమండ్ గ్రీన్ మెంఫిస్ మీద చేసినవి నాలుగంటే నాలుగు పాయింట్లు. రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని పట్టడం), అసిస్టులు (బుట్టలో వేసేవాడికి బంతి అందించడం), స్టీళ్లు మాత్రం మూడూ రెండంకెలకు చేర్చాడు, దాన్నే ట్రిపుల్ డబుల్ అంటారు. పాయింట్లు పదికి చేరకుండా ట్రిపుల్ డబుల్ సాధించడం ఎన్‌బీఏ చరిత్రలో అదే మొదటిసారి. పాయింట్ల వరుస మాత్రమే చూసేవాడికి ఆ రోజు గ్రీన్ ఆడనట్టే. అతణ్ని 2012 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, 35వ స్థానంలో తీసుకున్నారు. అంతకు ముందు ఏడాది జిమ్మీ బట్లర్‌ను 30వ స్థానంలో, ఐజయా థామస్‌ను అందరికంటే చివర 60వ స్థానంలో తీసుకున్నారు. జీతం తీసుకుని ఇదే పని చేసేవాళ్లే ఇన్నిసార్లు పొరబడుతుంటే, మీ ఆఫీసు స్నేహితులు పొరబడరా?

ఇప్పుడు మీ నాన్న సంగతి. నేను చెప్పానని తెలిస్తే కోపం వస్తుంది, రానీ.

2016 నవంబరు. పెద్ద నోట్లు రద్దయి ఊరంతా బ్యాంకుల ముందు వరుసల్లో ఉన్న రోజులు. మీ నాన్నతో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లినవాళ్లు ఒక లీగ్ పెట్టారు. ఒక మనిషి తక్కువైతే "మా అక్కయ్య కాలేజీ రోజుల్లో ఆడింది" అని నన్ను చేర్చాడు. లెక్కల పరిశీలన ఉద్యోగం చేసే ఆడమనిషి ఏం ఆడుతుందిలే అని వాళ్లు నవ్వుకున్నారట, అది వేరే కథ.

మీ నాన్న జట్టులో డెన్వర్‌కు ఆడే కుర్రవాడు ఒకడుండేవాడు, నికోలా యోకిచ్. 2014 డ్రాఫ్ట్‌లో 41వవాడు. కోచ్ మైకేల్ మలోన్ అతణ్నీ యూసుఫ్ నర్కిచ్‌నూ పక్కపక్కన ఆడించి చూశాడు. ఇద్దరూ పొడగరులు, ఇద్దరికీ బుట్ట దగ్గర అదే చోటు కావాలి. కుదరలేదు. యోకిచ్ బెంచ్ మీదికి వెళ్లాడు, నిమిషాలు తగ్గాయి, పాయింట్లూ తగ్గాయి. మీ నాన్న బ్యాంకు వరుసలో నిలబడి, ముందు వందమంది, వెనక వందమంది, ఆ విసుగులో ఫోను తీసి యోకిచ్‌ను వదిలేశాడు. అతని చోట పేరున్న ఒక ముసలి షూటర్‌ను తెచ్చుకున్నాడు. ఆ ముందు రాత్రి అతను బాగా ఆడాడు మరి. ఆ వరుసలో నువ్వూ ఉన్నావు, పాఠశాల చొక్కాతో, నాన్న చెయ్యి పట్టుకుని. నీకు గుర్తుందో లేదో.

అక్కడ మీ నాన్న ఏం చూడలేదో నిదానంగా చదువు, నీకు పనికొచ్చేది ఇదే. అంతకు ముందు ఏడాది, తన మొదటి సీజన్‌లో, యోకిచ్ ఆటకు సగటున 21.7 నిమిషాలు ఆడి 10 పాయింట్లు, 7 రీబౌండ్లు, 2.4 అసిస్టులు తెచ్చాడు. చూడటానికి చిన్నవే. అవే అంకెలను 36 నిమిషాలకు లెక్కకట్టు. 16కు పైగా పాయింట్లు, 11కు పైగా రీబౌండ్లు, దాదాపు 4 అసిస్టులు. పైగా అతను సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరి. ఆ రోజుల్లో ఆ చోట ఆడేవాళ్ల నుంచి అసిస్టులు ఎవరూ పెద్దగా ఆశించేవారు కాదు, ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే అడ్డు లేకుండా వేసే షాట్లు) నూటికి 80కి పైగా వేసే సెంటర్లూ అరుదే. అంటే ఆటగాడిలో లోపం ఏమీ లేదు. లోటు నిమిషాల్లో ఉంది, ఆ నిమిషాలకు అడ్డుగా ఉన్నది ఒకే ఒక్క మనిషి. అలాంటప్పుడు "ఇతను బాగా ఆడుతున్నాడా" అని కాకుండా "ఇతని ముందు ఎవరున్నారు, ఎన్నాళ్లు ఉంటారు" అని అడగాలి. డెన్వర్ గెలవడం లేదు, ఇద్దరు సెంటర్లు కలిసి కుదరలేదు, ఎవరో ఒకరు కదలక తప్పదు.

డిసెంబరు 15న మలోన్ యోకిచ్‌ను మొదటి అయిదుగురిలో సెంటర్‌గా దింపాడు. మళ్లీ వెనక్కి చూడలేదు. ఫిబ్రవరిలో నర్కిచ్‌ను పోర్ట్‌లండ్‌కు పంపేశారు. ఆ సీజన్ ముగిసేసరికి యోకిచ్ సగటు 16.7 పాయింట్లు, 9.8 రీబౌండ్లు, 4.9 అసిస్టులు, అదీ 28 నిమిషాలు కూడా ఆడకుండా. పాయింట్లలో, అసిస్టుల్లో మన 36 నిమిషాల లెక్కను కూడా దాటేశాడు.

మీ నాన్న వదిలేసిన యోకిచ్‌ను తీసుకున్నది నేనే. తమ్ముడైతే ఏమిటి, ఆట ఆటే. 2023 జూన్‌లో డెన్వర్ మొదటిసారి టైటిల్ గెలిచి, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి యోకిచ్‌కు ఇచ్చిన రోజున మీ నాన్న నాకు ఫోన్ చేశాడు. హలో అనలేదు, "ఆ వరుసలో ఇంకొక్క పది నిమిషాలు ఫోను తీయకపోయి ఉంటే" అన్నాడు. పాపం, అంత తెలివైనవాడు. ఆ రోజు ఇంటికి డబ్బు ఎలా తేవాలన్న దిగులులో ఉన్నాడు. దిగులుతో, నిద్రలేమితో, కోపంతో ఉన్నప్పుడు ఎవర్నీ వదిలేయకు. వదిలేయాలనిపిస్తే ఒక రాత్రి ఆగు.

ఎవరు నచ్చినా ముందు నిమిషాలు చూడు. నిమిషాలు పెరుగుతూ, షాట్లు పడకపోవడం వల్ల పాయింట్లు తగ్గినవాడు నీకు కావలసినవాడు. నిమిషాలు అవే ఉండి మూడు పాయింట్ల షాట్లు ఉన్నట్టుండి అన్నీ పడుతున్నవాడు నీ స్నేహితులకు కావలసినవాడు. వాళ్లకు వదిలేయ్.

ఇంకో చిక్కు ఉంది. ఆటగాడి విలువ నీ జట్టును బట్టి మారుతుంది. ఆండ్రే డ్రమండ్ 2015-16లో రీబౌండ్లలో లీగ్ మొత్తానికి మొదటివాడు. 2016 జనవరిలో హ్యూస్టన్ వాళ్లు కావాలనే అతణ్ని పదేపదే ఫౌల్ చేస్తే ఒక్క ఆటలో 36 ఫ్రీ త్రోలు వేసి 23 పోగొట్టాడు, అది రికార్డు. ఫ్రీ త్రోల శాతం మీద ఆధారపడిన జట్టులో అతనుంటే ఆ విభాగం నీళ్లలో కలిసినట్టే. ఆ విభాగాన్ని మొదటే వదులుకున్న జట్టుకు మాత్రం అతను చవకగా దొరికిన బంగారం. అందువల్ల "ఇతని విలువ ఎంత" అని నన్ను అడిగితే నీ మిగతా పన్నెండుమంది పేర్లు చెప్పమంటాను.

అభిమానంతో ఎవర్నీ తీసుకోకు. 2015లో డల్లాస్ మన పంజాబు కుర్రవాడు సత్నాం సింగ్‌ను 52వ స్థానంలో తీసుకున్నప్పుడు నారాయణగూడ వైఎంసీఏ కోర్టులో ఆడిన మాబోటివాళ్ల కళ్లు చెమర్చాయి. అతను ఎన్‌బీఏలో ఒక్క ఆటా ఆడలేదు. ప్రేమ వేరు, స్కోరు పట్టిక వేరు.

కొన్నాళ్లు మెరిసినవాణ్ని ఎప్పుడు ఇచ్చేయాలో కూడా తెలిసి ఉండాలి. జెరెమీ లిన్‌ను రెండు జట్లు వదిలేశాక న్యూయార్క్ తీసుకుంది. 2012 ఫిబ్రవరి 4న 25 పాయింట్లు, వారం తిరగకుండా లేకర్స్ మీద 38. ఊళ్లకు ఊళ్లు ఊగిపోయాయి. పాయింట్లతో పాటు టర్నోవర్లూ (బంతిని ఎదుటివాళ్లకు పోగొట్టుకోవడం) గుట్టలుగా వచ్చాయి, అవి ఎవరూ చూడలేదు. మార్చి ఆఖరుకు మోకాలి గాయంతో సీజన్ ముగిసింది. మొదటి రెండు రోజుల్లో అతణ్ని పట్టుకుని, రెండో వారంలో ఒక స్థిరమైన ఆటగాడికి మార్చుకున్నవాడు తెలివైనవాడు. గాయం ఎవరూ ఊహించలేరు, కానీ అందరూ అరుస్తున్నప్పుడు ధర ఎక్కువగా ఉంటుందని మాత్రం ఊహించవచ్చు.

వారానికి నాలుగు ఆటలున్న మామూలు ఆటగాడు రెండే ఆటలున్న మంచివాడి కంటే ఎక్కువ పనికొస్తాడు, కాబట్టి ఆదివారం రాత్రి షెడ్యూల్ చూసుకో. ఫిబ్రవరిలో బదిలీల గడువు ముగిశాక, ఓడిపోయే జట్లు పెద్దవాళ్లకు విశ్రాంతి ఇచ్చి కుర్రవాళ్లను ఆడిస్తాయి. మార్చిలో నీ గెలుపు అక్కడి నుంచే రావాలి. అప్పటికి మీ లీగ్‌లో సగంమంది విసిగిపోయి జట్టు ముఖం కూడా చూడరు.

మార్చి రెండో ఆదివారం తర్వాత అమెరికా గడియారాలు మారి ఆటలు మనకు ఇంకో గంట ముందుకు, నాలుగున్నరకు వస్తాయి. వాటి కోసం లేవకు. రాత్రే జట్టు పెట్టుకుని పడుకో, ఫలితం పొద్దున చూసుకో. అంకెలు నువ్వు చూసినా చూడకపోయినా మారవు. నీకు చిన్నప్పుడు నిద్ర చాలకపోతే జ్వరం వచ్చేది, మీ అమ్మ మరచిపోయిందేమో కానీ నేను మరచిపోలేదు.

నీ పదమూడుమంది పేర్లూ, గత సీజన్ నిమిషాలూ ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపుతాను. వచ్చే ఆదివారం పద్మారావునగర్‌కు భోజనానికి రా, గోంగూర పప్పు చేస్తాను. మెట్రోలో రా.

మీ అత్తయ్య