మోడలింగ్ యాంప్‌ను ఏ చెవితో వినాలి?

పాఠకుల ప్రశ్నలు – వాద్య పరికరాలు

ప్రశ్న: మేము నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాం. ఆరేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికీ, నెలకు ఒకటి రెండుసార్లు మిత్రులతో కలిసి చిన్న వేదికల మీద వాయించడానికీ ఒకే యాంప్ (గిటార్ ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) కొనాలనుకుంటున్నాను. ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో రెండు డిజిటల్ మోడలింగ్ యాంప్‌లు చూపించారు. ఒకదానిలో ముప్పై యాంప్‌ల ధ్వనులు, వంద ప్రీసెట్లు (ముందే అమర్చి పెట్టిన ధ్వనులు) ఉన్నాయన్నారు. రెండోదానిలో అయిదు రకాలే ఉన్నాయి, ధర మాత్రం ఎక్కువ. అరగంట విన్నా తేల్చుకోలేకపోయాను. వీటిని ఎలా పరీక్షించాలి?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: యాంప్‌లో ఎన్ని ధ్వనులున్నాయన్న లెక్కను ముందుగా పక్కన పెట్టండి. మీ గిటార్‌కు, మీ పాటలకు నిజంగా అవసరమయ్యే ధ్వనులు రెండో మూడో ఉంటాయి. ఆ రెండు మూడు ఎంత బాగున్నాయన్నదానికే డబ్బు పెట్టాలి. వంద ప్రీసెట్ల యాంప్ కొన్నవారు ఏడాది తిరిగేసరికి నాలుగింటికి మించి వాడటం నేను చూడలేదు.

మోడలింగ్ అనే మాట వెనుక జరిగే పని కొంత తెలిస్తే పరీక్ష సులువవుతుంది. 1950ల చివర్లో వచ్చిన వాక్స్ ఏసీ30, 1960లలో వచ్చిన మార్షల్ వంటి యాంప్‌లు వాల్వ్‌లతో (సిగ్నల్‌ను పెంచే గాజు గొట్టాలతో) పనిచేసేవి. వాల్వ్‌కు చిన్న సిగ్నల్ ఇస్తే శుభ్రంగా పెద్దది చేస్తుంది. తాహతుకు మించి ఇస్తే తరంగం కొనలను మెల్లగా నొక్కుతూ, అసలు స్వరానికి తోడుగా కొత్త హార్మోనిక్‌లను (దానికి రెండు, మూడు రెట్ల వేగంతో కంపించే పై స్వరాలను) చేరుస్తుంది. రాక్ గిటార్‌లో మనకు ఇష్టమైన ఆ గరుకుదనం అక్కడ పుట్టిందే. ఇబ్బంది ఏమిటంటే, ముప్పై వాట్ల వాల్వ్ యాంప్ ఆ స్థితికి చేరేసరికి అపార్ట్‌మెంట్‌లో ఎవరూ భరించలేనంత బిగ్గరగా మోగుతుంది. మోడలింగ్ యాంప్ ఈ ప్రవర్తనను లెక్కలుగా మార్చి ఒక చిప్‌లో నడుపుతుంది కాబట్టి అదే గరుకుదనాన్ని పడకగదిలో మాట్లాడుకునేంత శబ్దంతో వినిపించగలదు. లైన్ 6 సంస్థ 1996లో ఇలాంటి యాంప్‌ను, 1998లో చిక్కుడు గింజ ఆకారంలో ఉండే పాడ్ అనే పరికరాన్ని తెచ్చాక ఈ పద్ధతి ఇళ్లలోకి వచ్చింది. 2011లో వచ్చిన కెంపర్ అనే పరికరం, నిజమైన యాంప్‌లోకి పరీక్షా సంకేతాలను పంపి, బయటికి వచ్చినదాన్ని బట్టి దాని నమూనాను తయారుచేసే మార్గాన్ని చూపింది. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌లకు (ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాములకు) శిక్షణ ఇచ్చి అదే పని చేయిస్తున్నారు. పద్ధతి ఏదైనా సరే, స్వరం రంగును అనుకరించడం వీటికి తేలిక. మీ వేలి బరువుకు వాల్వ్ ఇచ్చే జవాబును అనుకరించడమే కష్టం. పరీక్ష అంతా ఆ కష్టమైన చోటే జరగాలి.

దుకాణానికి మీ గిటార్‌ను, మీ కేబుల్‌ను తీసుకువెళ్లండి. అక్కడి గిటార్‌తో వింటే మీరు యాంప్‌ను వింటున్నారో, కొత్త గిటార్‌ను వింటున్నారో తెలియదు. కంపెనీ పెట్టిన ప్రీసెట్లలో రివర్బ్ (గది మోత), డిలే (ప్రతిధ్వని) దండిగా ఉంటాయి. అవి లోపాలను కప్పేస్తాయి కాబట్టి అన్నిటినీ ఆపేయండి. ముందు శుభ్రమైన ధ్వనిని, తరువాత గెయిన్ (గరుకును పెంచే నాబ్) కొద్దిగా పెంచి, మెల్లగా మీటితే శుభ్రంగానూ గట్టిగా మీటితే కాస్త గరుకుగానూ పలికే అంచు దగ్గర వినండి. అక్కడ ఆగి, గిటార్ వాల్యూమ్ నాబ్‌ను పది నుంచి అయిదుకు తగ్గించండి. మంచి మోడల్ అయితే గరుకు తొలగిపోయి తేటదనం వస్తుంది, స్వరంలో ప్రాణం మిగులుతుంది. నాసిరకం మోడల్‌లో అదే గరుకు కాస్త చిన్నదై, దుప్పటి కప్పినట్లు మందంగా వినిపిస్తుంది. నేను పది నిమిషాలే ఉన్నా ఈ ఒక్క పరీక్షను మాత్రం వదలను.

తరువాత ఆరో తీగను ఖాళీగా ఒక్కసారి మీటి, చేయి తీసేసి, అది పూర్తిగా ఆరిపోయేదాకా కదలకుండా వినండి. ధ్వని క్రమంగా సన్నగిల్లాలి. చివర్లో కత్తిరించినట్లు ఆగిపోతే నాయిస్ గేట్ (చిన్న శబ్దాలను ఆపేసే అమరిక) అతిగా పెట్టి ఉందని అర్థం. దాన్ని తగ్గించి మళ్లీ వినండి. ఇక గెయిన్ బాగా పెంచి, మొదటి తీగ మీద పదిహేనో ఫ్రెట్ దాటి ఒక స్వరాన్ని పట్టుకుని నెమ్మదిగా బెండ్ చేయండి (తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచండి). స్వరం పైకి పోతుంటే దాని వెనుక సన్నగా వేరొక ఈల కిందికి దిగుతున్నట్లు వినిపించిందా? సెకనుకు 48,000 శాంపుల్స్ (ధ్వని కొలతలు) తీసుకునే యంత్రం 24,000 హెర్ట్జ్ దాటిన హార్మోనిక్‌లను సరిగా పట్టుకోలేదు. జాగ్రత్తగా తయారుచేయని మోడల్‌లో అవి మడతపడి కిందికి వచ్చి అపస్వరాలుగా తేలతాయి. ఖరీదు తక్కువ పెట్టెల్లో ఈ దోషం ఇప్పటికీ కనిపిస్తుంది. కేవలం కార్డ్‌లు (ఒకేసారి మీటే స్వరాల గుంపులు) వాయించి చూసేవారికి మాత్రం అది దొరకదు.

ఇక మీలాగా ఇల్లు, వేదిక రెండూ కావాలనుకునేవారికి అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. శబ్దం చిన్నదిగా ఉన్నప్పుడు మన చెవికి మంద్రస్వరాలు, బాగా పైస్థాయి స్వరాలు తక్కువగా వినిపిస్తాయి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి రేఖాచిత్రాలుగా ప్రచురించారు. రాత్రి ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో కూర్చుని ప్రీసెట్ తయారుచేసుకునే మనం తెలియకుండానే బాస్‌నూ ట్రెబుల్‌నూ పెంచుకుంటాం. అదే ప్రీసెట్‌ను వేదిక మీద పెద్ద శబ్దంలో వాయిస్తే కింద బుడబుడమనే మోత, పైన చెవిని కోసే పదును, నడుమ ఖాళీ మిగులుతాయి. గిటార్ గొంతు ఉండేది ఆ నడిమి భాగంలోనే. కొన్నేళ్ల కిందట ఒక ఫంక్షన్ హాల్లో నాకు సరిగ్గా ఇదే జరిగింది: వారం రోజులు ఇంట్లో చెక్కుకున్న ధ్వని రెండో పాటకే డ్రమ్స్, కీబోర్డ్‌ల మధ్య మునిగిపోయింది. బాస్ నాబ్‌ను సగానికి దించి, మిడ్ పెంచాక కాని నా వాద్యం నాకే వినపడలేదు.

కాబట్టి దుకాణంలో రెండు యాంప్‌లనూ రెండు స్థాయిల్లో వినాలి. మాట్లాడుకునేంత శబ్దంలో ఒకసారి, దుకాణదారు ఒప్పుకున్నంత పెద్దగా ఇంకోసారి. పవర్‌ను తగ్గించే స్విచ్ ఉన్నదైతే మీకు మేలు. ఉదాహరణకు బాస్ (Boss) సంస్థ కటానా 50 యాంప్‌లో యాభై, ఇరవై అయిదు, అర వాట్ అని మూడు మెట్లు ఉన్నాయి. ఆ అర వాట్ మెట్టే మీ మూడో అంతస్తులో రోజూ పనికొచ్చేది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్. రాత్రివేళ హెడ్‌ఫోన్స్‌తోనే వాయించుకోవాల్సి వస్తుంది కాబట్టి మీ హెడ్‌ఫోన్స్‌ను కూడా దుకాణానికి తీసుకువెళ్లి వినండి. కొన్ని యాంప్‌లు స్పీకర్‌లో ఎంతో బాగుండి, హెడ్‌ఫోన్స్‌లో కందిరీగలా గీపెడతాయి.

మీరు చెప్పిన రెండింటిలో ఏది అని నన్ను అడిగితే, పన్నెండు అంగుళాల స్పీకర్, పవర్‌ను తగ్గించే స్విచ్, లైన్ అవుట్ (మిక్సర్‌కు నేరుగా కలిపే రంధ్రం) ఉన్నదైతే అయిదు ధ్వనులదే తీసుకోమంటాను. ఆ మూడూ లేకపోతే ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

ప్రశ్న: నా మోడలింగ్ యాంప్‌ను యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి రికార్డు చేస్తున్నాను. నేను మీటిన కాసేపటికి ధ్వని వినిపిస్తోంది, ఒక్కోసారి గిటార్ రెండుగా వినిపిస్తోంది. పైగా వెనుక గుయ్యిమనే రొద. యాంప్ పాడైందా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మీ యాంప్ బాగానే ఉందనిపిస్తోంది. మీరు వింటున్నది కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి వచ్చిన ధ్వని. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అనే అమరిక ఉంటుంది, ధ్వనిని కొంత పోగుచేసి ముక్కలుగా పంపేది అదే. 48,000 శాంపుల్స్ వేగంలో 256 శాంపుల్స్ బఫర్ అంటే వెళ్లేటప్పుడు 5.3 మిల్లీసెకన్లు, వచ్చేటప్పుడు మళ్లీ అంతే. డ్రైవర్ తీసుకునే సమయం దీనికి అదనం. గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. పది మిల్లీసెకన్ల ఆలస్యం అంటే యాంప్‌కు మూడు మీటర్లకు పైగా దూరంలో నిలబడి వాయించినట్లు. చాలామందికి అంతవరకు ఇబ్బంది ఉండదు, అది దాటితే లయ జారుతుంది. విండోస్‌లో అయితే యాంప్ తయారీదారు ఇచ్చిన ఏఎస్‌ఐఓ డ్రైవర్‌ను (ఆలస్యాన్ని తగ్గించే ఆడియో డ్రైవర్‌ను) వేసుకుని, రికార్డు చేసేటప్పుడు బఫర్‌ను 64కో 128కో దించండి; మిక్సింగ్ సమయంలో మళ్లీ పెంచుకోవచ్చు. ఇంతకన్నా మంచి మార్గం ఒకటుంది. హెడ్‌ఫోన్స్‌ను యాంప్‌కే పెట్టుకుని, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్‌ను (వాయిస్తున్నది తిరిగి వినిపించే అమరికను) ఆపేయండి. అప్పుడు మీ వాద్యం నేరుగా యాంప్ నుంచి వినిపిస్తుంది, రెండుగా వినిపించడమూ పోతుంది.

రొద విషయంలో ముందుగా ల్యాప్‌టాప్ చార్జర్‌ను తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. రొద ఆగితే అది చార్జర్, యాంప్‌ల ఎర్తింగ్ మధ్య ఏర్పడిన వలయం నుంచి వచ్చింది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలావరకు తగ్గుతుంది. ఎర్త్ పిన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి, విద్యుత్ షాక్ నుంచి మిమ్మల్ని కాపాడేది అదే. సింగిల్ కాయిల్ పికప్‌లున్న (తీగల కంపనాన్ని ఒకే తీగచుట్టతో పట్టే) గిటార్ అయితే కుర్చీలోనే నెమ్మదిగా పక్కకు తిరుగుతూ వినండి. ఒక కోణంలో రొద బాగా తగ్గుతుంది. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డు చేయకపోవడమే మంచిది.

ఒక మాట కలుపుతాను. మీ యాంప్ యూఎస్‌బీలో అదనంగా మోడలింగ్ కలవని పచ్చి గిటార్ ధ్వనిని కూడా పంపగలదేమో చూసుకోండి. ఉంటే రెండింటినీ వేర్వేరు ట్రాక్‌లలో రికార్డు చేయండి. వాయింపు బాగా కుదిరి ధ్వని నచ్చనప్పుడు, ఆ పచ్చి ట్రాక్‌ను తిరిగి యాంప్‌లోకి పంపి కొత్త ధ్వని తీసుకోవచ్చు. మళ్లీ వాయించే పని తప్పుతుంది.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మా చర్చి బృందంలో వాయిస్తాను. ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉన్న ఇరవై అయిదు వాట్ల యాంప్ ఉంది, దానికి హెడ్‌ఫోన్ రంధ్రం తప్ప వేరే అవుట్‌పుట్ లేదు. యాభై వాట్లది కొనాలా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే, చెవికి రెట్టింపు శబ్దం అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. చర్చిలో మిక్సర్, స్పీకర్లు ఉన్నాయి కదా, శబ్దాన్ని మోసే పని వాటికి అప్పగించండి. మీ యాంప్ మీకు వినిపిస్తే చాలు.

హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మిక్సర్‌కు కలిపేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఒక కార్యక్రమంలో నా మిత్రుడి గిటార్‌కు ఇలా కలిపితే స్పీకర్లలో అసలు వాద్యం మాయమై రివర్బ్ తోక మాత్రమే, దూరంగా మరో గదిలో మోగుతున్నట్లు వినిపించింది. సౌండ్ చెక్ సమయమంతా దానికే పోయింది. హెడ్‌ఫోన్ రంధ్రం ఎడమ, కుడి రెండు ధ్వనులను ఇస్తుంది. స్టీరియో తీగతో బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు (రెండు తీగల్లో వచ్చే సిగ్నల్‌ల తేడాను తీసుకునే రంధ్రానికి) కలిపినప్పుడు మిక్సర్ ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తుంది. రెండింటిలో సమానంగా ఉన్న గిటార్ పూర్తిగా రద్దై, తేడా ఉన్న రివర్బ్ మిగులుతుంది. ఒక స్టీరియో పిన్ నుంచి రెండు మోనో పిన్‌లుగా చీలే తీగ కొనుక్కుని, అందులో ఒక్క పిన్‌నే మిక్సర్‌కు పెట్టండి. అలాంటి తీగలు కోఠీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి.

చర్చిలో ఒక మైకు ఖాళీగా ఉంటే దాన్ని స్పీకర్ ముందు పెట్టడం కూడా మంచిదే. 1965లో వచ్చిన షూర్ ఎస్ఎం57 మైకును ఈ పనికి ఎక్కువగా వాడుతుంటారు. స్పీకర్ గుడ్డకు రెండు మూడు వేళ్ల దూరంలో, సరిగ్గా నడుమ కాకుండా నడిమి గుండ్రం అంచుకు ఎదురుగా పెట్టి, ఒకరిని హాలు వెనుక వరుసలో నిలబెట్టి వినమనండి. పదునుగా ఉందంటే మైకును స్పీకర్ అంచువైపు ఒక అంగుళం జరపండి, యాంప్ మీది నాబ్‌లు ముట్టుకోకండి.

ప్రశ్న: వాడిన మోడలింగ్ యాంప్ కొనవచ్చా?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కొనవచ్చు. ప్రతి నాబ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి కరకర వినిపిస్తోందేమో చూడండి. యూఎస్‌బీ రంధ్రంలో తీగ పెట్టి కొద్దిగా కదిపినా కంప్యూటర్‌తో సంబంధం తెగకూడదు. ఫోన్ యాప్‌తోనే సెట్టింగులు మార్చాల్సిన రకమైతే ఆ యాప్ మీ ఫోన్‌లో ఈరోజు పనిచేస్తోందో లేదో అక్కడే తెరిచి చూసుకుని, ఆ తరువాతే డబ్బివ్వండి. అడాప్టర్ అసలుదేనా అని అడగండి. వోల్టేజ్ ఒకటే అయినా పిన్ మధ్యలోని ధ్రువం తారుమారైతే యాంప్ చెడిపోయే ప్రమాదం ఉంది.