తెగిన వేలి నరానికి గొట్టం వేయించుకోవచ్చా?

చూపుడు వేలి నరం తెగింది, కృత్రిమ గొట్టం పెడతామంటున్నారు, కాలి నుంచి నరం తీసి వేయించుకోవడమే మేలా అని అడిగారు. ఇదే వేలికి నాకు కొలాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన గొట్టం వేశారు. తెగిన నరం కొసల మధ్య ఖాళీ చిన్నదైతే గొట్టమే వేయించుకోండి.

గాజు గ్లాసు పగిలి నా వేలు మొదట్లో తెగింది. అత్యవసర విభాగంలో పైన చర్మానికి కుట్లు వేసి పంపేశారు. కొసన స్పర్శ ఉందా అని ఒక్కరూ చూడలేదు. మొద్దుబారిందని నేనే చెబితే, వాపు తగ్గితే అదే పోతుందన్నారు. ఆ మాట నమ్మి మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. పేపర్ క్లిప్ విప్పి రెండు కొనలు వేలికి ఆనించి, రెండుగా తెలుస్తున్నాయా అని చూస్తే తెలిసిపోయే విషయం!

చివరికి ఆపరేషన్‌లో నరం పాడైన కొసలు కత్తిరించాక మధ్యలో 12 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చింది. లాగి కుడితే నరానికి రక్తం సరిగా అందదు, అందుకని గొట్టం. దాని లోపల ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీన్) తీగలా ఏర్పడుతుంది, దాని మీదుగా ష్వాన్ కణాలు (నరపు పోగుల్ని చుట్టి ఉండే కణాలు), నరపు పోగులు పాకుతాయి. కొలాజెన్ తర్వాత కరిగిపోతుంది. ఒకప్పటి సిలికాన్ గొట్టాలైతే నరాన్ని నొక్కుతుంటే మళ్లీ కోసి తీయాల్సి వచ్చేది.

కాలి నరం తీస్తే పాదం బయటి అంచు మొద్దుబారుతుంది. వేలి కోసం పాదాన్ని పాడుచేసుకోవడం నాకు నచ్చలేదు. కానీ ఖాళీ 3 సెంటీమీటర్లు దాటినా, కండరాన్ని కదిలించే పెద్ద నరమైనా సొంత నరమే అడగండి. గొట్టం ఏ కంపెనీదని అందరూ అడుగుతారు, ఖాళీ ఎంతని ఎవరూ అడగరు!

నరం పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. ప్రతి ఆదివారం మచ్చ దగ్గర్నుంచి కొసవైపు తడుతూ వెళ్లి, షాక్ కొట్టినట్టు జివ్వుమన్న చోట, అంటే నరం పెరిగి చేరిన చోట, పెన్నుతో చుక్క పెట్టేవాణ్ణి. 1915లో టినెల్ అనే ఫ్రెంచ్ వైద్యుడు వర్ణించిన పరీక్షే ఇది. మొదటి నెల చుక్క కదల్లేదు, ఎంత టెన్షన్ పడ్డానో! తర్వాత మెల్లగా జరిగింది. అయిదో నెలలో గోరు దగ్గర జివ్వుమంటే ఏడుపొచ్చేసింది.

ఇప్పుడు చూడకుండానే జేబులో తాళంచెవి ఏదో, నాణెం ఏదో చెప్పగలను. చలికాలంలో మాత్రం ఆ వేలు సలుపుతుంది.