ఫార్మాట్ చేయమని అడిగితే ఒప్పుకోకండి

మెమరీ కార్డు ఉన్నట్టుండి పాడైతే ఫొటోలను ఎలా కాపాడుకోవాలని అడిగారు. నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. ఒకసారి ఈ గండం గట్టెక్కాను కాబట్టి చెబుతున్నాను.

తెల్లవారుజాము ముహూర్తం. జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ అయ్యాయి. తలంబ్రాల పళ్లేలు తెస్తుండగా, కార్డు చదవడం కుదరడం లేదు, ఫార్మాట్ చేయమని కెమెరా తెరపై వచ్చింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా ఫార్మాట్ చేయలేదు, అంటే కార్డును ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చేసే ఆ పనికి ఒప్పుకోలేదు. కార్డు తీసి, అందులో కొత్తగా ఏదీ రాయకుండా పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపి జేబులో పెట్టుకున్నాను. మిగతా పెళ్లి వేరే కార్డులో తీశాను.

ఇంటికి వెళ్లాక ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపాను. ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టిక చెడిపోయినా, కొత్తగా ఏదీ రాయనంత వరకు ఫొటోలు చాలాసార్లు కార్డులోనే ఉంటాయి. ఈ సాఫ్ట్‌వేర్ పట్టికతో పని లేకుండా, జేపెగ్ అనే రకం ఫొటో ఫైలు మొదలయ్యే గుర్తును వెతికి పట్టుకుంటుంది. దొరికినవాటిని కంప్యూటర్‌లోనే దాచాలి, అదే కార్డులోకి పొరపాటున కూడా వద్దు. ఫైళ్ల పేర్లు పోయాయి కానీ తీసిన సమయం ఫొటోలోనే ఉంటుంది, దాన్నిబట్టి వరుస కుదుర్చుకున్నాను.

మూడు ఫొటోలు మాత్రం సగమే వచ్చాయి. ఒకటి కన్యాదానానిది. పైన పెళ్లికూతురి తండ్రి ముఖం, వంగిన భుజాలు ఉన్నాయి. కింద పళ్లెం, నీళ్లు, అల్లుడి పాదాలు ఉండాల్సిన చోటంతా బూడిదరంగు. ఆ తండ్రికి దాన్ని చూపించడం నాకు ఇప్పటికీ బాధే.

అప్పటినుంచి రెండు కార్డులు పట్టే కెమెరాతోనే పెళ్లికి వెళ్తున్నాను. ప్రతి ఫొటో రెండింటిలోనూ పడేలా సెట్ చేయాలి. మొదటిది నిండాకే రెండోది మొదలయ్యేలా ఉంచితే ఏ రక్షణా లేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. మీది ఒకే కార్డు కెమెరా అయితే ఒక్కో ఘట్టానికి కార్డు మార్చండి. ఎంత అలసిపోయినా ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లోకి, మరో హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. రెండు చోట్లా ఫొటోలు తెరిచి చూశాకే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయండి. రాస్తున్నట్టు చూపే లైటు వెలుగుతుండగా కార్డు లాగవద్దు.

ఇప్పటికే మీ కార్డు మొరాయిస్తుంటే, కంప్యూటర్‌లో దాని సైజు ఎంత చూపిస్తోందో చెప్పండి. సరిగ్గా చూపిస్తుంటే ఫొటోలు దొరికే ఆశ బాగానే ఉంది. కార్డు ఉన్నట్టే తెలియకపోతే లోపలి చిప్ దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు సాఫ్ట్‌వేర్లతో ప్రయత్నాలు మాని, డేటా రికవరీ చేసేవారి దగ్గరకు తీసుకెళ్లండి.